సీతమ్మధారలో మా వీధికి ఐదు స్పీడ్ బ్రేకర్లు: సంతకం పెట్టమంటారా?

ప్రశ్న: ఎగువ వీధి నివాసి

అందరికీ నమస్కారం. విశాఖపట్నం సీతమ్మధారలో మేము ఉంటున్న వీధి సుమారు 400 మీటర్ల పొడవున, కొండ వైపు నుంచి హైవే వైపు వాలుగా దిగుతుంది. గురుద్వారా జంక్షన్‌కూ మద్దిలపాలేనికీ మధ్య హైవే మీద బండ్లు నిలిచిపోయినప్పుడల్లా, ఫోనులో మ్యాపు చూపించిన అడ్డదారి పట్టుకుని కార్లూ బైకులూ సరుకుల ఆటోలూ మా వీధిలోకి మళ్లుతున్నాయి. పైనుంచి దిగే బండ్లకు వాలు వల్ల వేగం ఇంకా పెరుగుతోంది. వీధి నడుమ చిన్నపిల్లల బడి ఒకటి ఉంది. గత నెలలో ఆ బడి గేటు ఎదుట రెండో తరగతి బాబును బైకు గుద్దింది. చెయ్యి విరిగి, ఆ పిల్లవాడు ఇప్పటికీ కట్టుతోనే బడికి వస్తున్నాడు.

ఆ ప్రమాదం తరువాత మా కాలనీ సంక్షేమ సంఘంవారు ఒక ప్రతిపాదన తయారుచేశారు. వీధి పొడవునా ఐదు స్పీడ్ బ్రేకర్లు వేయించాలని, రాత్రి పదింటి నుంచి తెల్లవారుజామున ఐదింటి వరకు కింది మొగను ఇనుప బారికేడ్లతో మూసివేయాలని అందులో రాశారు. ఆదివారంలోగా ఇంటింటా సంతకాలు తీసుకుని, సోమవారం జీవీఎంసీలో (మన నగరపాలక సంస్థలో) జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తామంటున్నారు.

వారి ఆవేదన న్యాయమైనదే. అయినా సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు. మా నాన్నగారికి 78 ఏళ్లు, వెన్నుపూస ఒకటి నలిగిపోయి మంచం మీదే ఎక్కువసేపు గడుపుతున్నారు. పక్క వీధిలో ఎవరో రాత్రికి రాత్రి సిమెంటుతో పోయించిన గట్టు ఒకటి ఉంది. ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు కారును దాని మీదుగా ఎంత నెమ్మదిగా పోనిచ్చినా, ఆయన రెండు చేతులతో తలుపు పైనున్న పిడి పట్టుకుని, కండువా అంచు పళ్ల మధ్య బిగించి కళ్లు మూసుకుంటారు. ముందు చక్రాలు దిగినప్పుడు ఒకసారి, వెనక చక్రాలు దిగినప్పుడు మరోసారి. అలాంటివి ఐదంటే పది కుదుపులు. ఆ బాబూ మా నాన్నగారూ ఇద్దరూ మా వీధివాళ్లే. ఒకరి క్షేమం కోసం మరొకరిని బాధపెట్టకుండా బండ్ల వేగాన్ని తగ్గించే మార్గం ఉన్నదా? ఈ విషయం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1: రోడ్లు వేసిన విశ్రాంత ఇంజినీరు

అమ్మా, మీ నాన్నగారిని బాధపెడుతున్నది స్పీడ్ బ్రేకర్ కాదు, స్పీడ్ బ్రేకర్ పేరుతో పోసిన గట్టు. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లనే మన కాలనీల్లో సగం తగాదాలు వస్తున్నాయి కాబట్టి కొంచెం విడమరచి రాస్తున్నాను.

రోడ్లకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ఈ విషయమై 1988లోనే ఐఆర్‌సీ 99 అనే మార్గదర్శకాలను వెలువరించింది. దాని ప్రకారం మామూలు రాకపోకలున్న చిన్న రోడ్డు మీద వేసే హంపు, అంటే వెడల్పుగా గుండ్రంగా వంపు తిరిగిన స్పీడ్ బ్రేకర్, బండి నడిచే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్యన 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం గల వంపుతో ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేవారికి ఇబ్బంది కలగకూడదన్నది దాని ఉద్దేశం. ఈ కొలతలు ఊహించి రాసినవి కావు. బ్రిటన్‌లోని రవాణా పరిశోధన ప్రయోగశాలలో వాట్స్ అనే పరిశోధకుడు రకరకాల ఆకారాలను పరీక్షించి, 1973లో ప్రకటించిన హంపు కూడా సరిగ్గా ఇంత పొడవు, ఇంత ఎత్తు గలదే.

మీ పక్క వీధిలోని గట్టు బహుశా మూరెడు వెడల్పు ఉంటుంది. అంత ఇరుకైన గట్టు మీద చక్రం ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా పడుతుంది గనుక, నెమ్మదిగా వెళ్లేవారికి కూడా వెన్నులో దెబ్బ తగులుతుంది. అసలు విడ్డూరం ఏమిటంటే, వేగంగా వచ్చే పెద్ద కారుకు ఆ కుదుపును స్ప్రింగులే మింగేస్తాయి, నడిపేవాడికి అంతగా తెలియదు. అంటే ఆ గట్టు జాగ్రత్తగా వెళ్లేవారిని శిక్షించి, దూకుడుగా వెళ్లేవారిని వదిలివేస్తున్నది. వెడల్పైన హంపు దీనికి పూర్తిగా భిన్నం. నెమ్మదిగా వెళితే పడవ అల మీద తేలినట్లు ఎక్కి దిగుతుంది, వేగంగా వెళితే మాత్రం బండిని ఎత్తి పడేస్తుంది.

వేగం ఎందుకు తగ్గాలో మీ సంఘం సమావేశంలో చెప్పడానికి ఒక లెక్క ఇస్తున్నాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు కదులుతుంది. పిల్లవాడు కనబడి, కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్నా ఆ బండి ఆగేసరికి 28 మీటర్లు ముందుకు వస్తుంది. అదే 30 కిలోమీటర్ల వేగంలో 13 మీటర్లలో ఆగిపోతుంది. దిగుడు వాలులోనూ, వానకు తడిసిన రోడ్డు మీదా ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

ఇక మీ వీధికి ఐదు అక్కరలేదు. నివాస ప్రాంతాల్లో హంపుల మధ్య 100 నుంచి 120 మీటర్ల ఎడం ఉండాలని ఆ 1988 మార్గదర్శకాలు చెప్పాయి కాబట్టి 400 మీటర్లకు మూడు చాలు. మొదటిది వాలు మొదలయ్యే చోటే, అంటే బండి వేగం పుంజుకోకముందే ఉండాలి. బడి గేటు ఎదుట మామూలు హంపు కాకుండా, పైభాగం చదునుగా ఉండి దాని మీదనే జీబ్రా గీతలు వేసిన ఎత్తైన క్రాసింగ్ అడగండి. కారు మొత్తం దాని మీద నిలిచేంత పొడవు, రెండు వైపులా వాలు ఉంటాయి కనుక వెన్ను నొప్పి ఉన్నవారికి అది ఎంతో మేలు, పిల్లలు రోడ్డు దాటుతుంటే దూరం నుంచే కనబడతారు కూడా. అంబులెన్సుల కోసం కొన్ని దేశాల్లో ముక్కలుగా విడదీసిన హంపులు వేస్తారు, పెద్ద బండి చక్రాలు ముక్కల పక్కనుంచి సాగిపోతాయి. నేను మీకు వాటిని సూచించను, ఎందుకంటే మన బైకులు ఆ సందుల్లోంచే దూరిపోతాయి, మీ వీధిలో ఆ బాబును గుద్దినది బైకే.

వాన నీటి సంగతి అర్జీలో తప్పక రాయండి. కొండ మీద నుంచి వచ్చే నీటికి హంపు అడ్డుకట్ట అవుతుంది. కాలువ పక్కన జానెడు ఖాళీ వదిలితే నీరు పోతుంది, మూరెడు వదిలితే బైకులు పోతాయి. హంపు మీద తెలుపు నలుపు పట్టీలు, దానికి 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు లేకపోతే అది ప్రమాదాన్ని ఆపేది కాదు, తెచ్చేది. ప్రమాణాలు పాటించకుండా కట్టిన రోడ్డు వల్ల ఎవరైనా మరణించినా, వికలాంగులైనా, బాధ్యులైన అధికార సంస్థకు గానీ గుత్తేదారుకు గానీ లక్ష రూపాయల వరకు జరిమానా పడేలా 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్‌ను చేర్చారు. కాబట్టి కొలతలతో సహా అడగడం మీ హక్కు.

సమాధానం 2: వెనక సందులో ఉండేవారు

ఇంజినీరు గారు చెప్పినవన్నీ విలువైన మాటలే. అయితే ఎగువ వీధివారు మా సందు గురించి ఒక్కసారి ఆలోచించాలని మనవి. మీ వీధిలో ప్రయాణం కష్టమైన రోజునే, అదే మ్యాపు ఆ బండ్లన్నింటినీ మా సందులోకి పంపిస్తుంది. మీది ముప్పై అడుగుల రోడ్డు, మాది పదిహేను అడుగులకు మించదు. గడప దిగితే కాలు రోడ్డు మీదే పడుతుంది. మా అత్తగారు ముగ్గు వేసేటప్పుడు పక్కన ఒక కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చుంటారు, ఇప్పటికే రెండుసార్లు ఆ కుర్చీకి బైకులు తగిలాయి.

అందువల్ల అర్జీ ఒక్క వీధి పేరుతో కాకుండా, హైవే అడ్డదారిగా వాడుకుంటున్న వీధులన్నింటి తరఫున వెళ్లాలి. లోపల ఎన్ని గట్లు పోసినా, రద్దీ వేళల్లో బయటి బండ్లు లోపలికి రాకుండా మొగ దగ్గరే ఒకవైపు ప్రవేశాన్ని నిలిపివేస్తే వచ్చేంత ఫలితం రాదని నా నమ్మకం. దానికి ట్రాఫిక్ పోలీసుల అనుమతి కావాలి కాబట్టి వారికి కూడా ఒక ప్రతి ఇవ్వాలి.

రాత్రి బారికేడ్లకు మాత్రం నేను ఒప్పుకోను. తాళం ఎవరి దగ్గర ఉంటుంది? రెండింటికి 108 బండి వస్తే కాపలాదారును నిద్ర లేపాలి. అగ్నిమాపక శకటమైతే వెనక్కి తిరగడానికి కూడా చోటు లేదు.

సమాధానం 3: బడి పిల్లల ఆటో నడిపేవాడిని

నేను ఆ బడికే రోజూ ఎనిమిది మంది పిల్లలను తీసుకువస్తాను. రెండు విషయాలు చెప్పాలని రాస్తున్నాను. మొదటిది, రబ్బరు ముక్కలను బోల్టులతో బిగించే రకం స్పీడ్ బ్రేకర్లు మన ఊరికి వద్దు. సముద్రపు ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టి, రబ్బరు ముక్కలు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి, చివరికి బోల్టు తలలే రోడ్డు మీద మిగులుతాయి. అలాంటి బోల్టు గుచ్చుకుని నా ఆటో ముందు టైరు పోయిన రోజు, పిల్లలందరినీ దింపి చేతులు పట్టించి నడిపించుకు వెళ్లాను.

రెండవది, ఆ బాబుకు దెబ్బ తగిలిన ఉదయం నేను అక్కడే ఉన్నాను. గేటుకు రెండు వైపులా కార్లు ఆపి ఉన్నాయి. బాబు రెండు కార్ల సందులోంచి వచ్చాడు. బైకతనికి బాబు కనబడలేదు, బాబుకు బైకు కనబడలేదు. హంపు వేసినా, గేటుకు అటూ ఇటూ కార్లు ఆపకుండా చూడకపోతే ఇదే మళ్లీ జరుగుతుంది. ఆ కార్లలో బయటివి కొన్నే, ఎక్కువ మన కాలనీవారివే.

సమాధానం 4: ఎగువ వీధి నివాసి

అందరికీ కృతజ్ఞతలు. ఆటో సోదరుడు చెప్పిన మాట నన్ను ఆలోచనలో పడేసింది. గేటు పక్కన ఆగే కార్లలో మాది కూడా ఒకటి, రేపటి నుంచి దానిని ఇంటి లోపలే పెడతాము. ప్రతిపాదన ఇప్పుడున్న రూపంలో నేను సంతకం చేయను. ఐదు బదులు మూడు అని, అందులో గేటు ఎదుటిది ఎత్తైన క్రాసింగ్ అని, ఐఆర్‌సీ కొలతలతో సహా మార్చి రాయమని సంఘంవారిని అడిగాను. బారికేడ్ల మాట తీసివేయడానికి కార్యదర్శి గారు ఒప్పుకున్నారు. వెనక సందు పేరు చేర్చే విషయం ఆదివారం సమావేశంలో నేనే ప్రస్తావిస్తాను, సందులోవారు కూడా వస్తే బలంగా ఉంటుంది.

ఇంజినీరు గారూ, ఒక్క సందేహం. మా వీధిలో బండ్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అధికారులు అడిగితే మేము ఏమి చూపించాలి?

సమాధానం 5: రోడ్లు వేసిన విశ్రాంత ఇంజినీరు

దానికి యంత్రం అక్కరలేదమ్మా. టేపుతో కొలిచి రోడ్డు మీద 25 మీటర్ల ఎడంగా రెండు సుద్ద గీతలు గీయండి. ఫోనులోని స్టాప్‌వాచ్‌తో ఒక్కొక్క బండి మొదటి గీత నుంచి రెండవ గీతకు ఎన్ని సెకన్లలో చేరుతుందో రాసుకోండి. 3 సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్లు, 2 సెకన్లే పడితే 45. నడిపేవారికి మీరు కనబడకూడదు, కనబడితే వేగం తగ్గించేస్తారు. ఉదయం, సాయంత్రం కలిపి కనీసం వంద బండ్లు రాసి, వాటిలో నూటికి ఎనభై ఐదు బండ్లు ఏ వేగం లోపల ఉన్నాయో చూడండి. రోడ్డు వేసే శాఖవారు చూసేది ఆ అంకెనే. అదే రోజున వెనక సందులో కూడా లెక్కిస్తే, రేపు పనులయ్యాక బండ్లు అటు మళ్లాయో లేదో తేల్చడానికి ఆధారం ఉంటుంది.

సమాధానం 6: వెనక సందులో ఉండేవారు

మా సందులో లెక్క నేను రాస్తాను. శుక్రవారం ఉదయం ఏడున్నరకు మొదలుపెడదాం. టేపు మా ఇంట్లో ఉంది, ముందు మీ వీధిలో గీతలు గీసి, తరువాత ఇటు తెచ్చుకుంటాను.