అమ్మ కంట్లో రెటీనా వాపు, ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. మేం ఉప్పల్‌లో ఉంటాం. అమ్మకు 61 ఏళ్లు, షుగర్ వచ్చి 14 ఏళ్లయింది. నెల రోజులుగా పేపర్లో గీతలు వంకరగా, అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయంటోంది. శుక్లాలేమో అనుకున్నాం. చుక్కలు వేసి, ఓసీటీ స్కాన్ (కంటి వెనకుండే రెటీనా పొరను చూపే స్కాన్) తీసి, కుడి కంట్లో సన్న రక్తనాళాలు కారి మాక్యులా (రెటీనా నడిమి భాగం) వాచిందన్నారు. ఎడమ కంట్లో ఇప్పుడే మొదలైందట.

తప్పు మాదే. ఏటా కళ్లజోడు షాపులో నంబర్ చూపించి అదే కంటి పరీక్ష అనుకున్నాం. షుగర్ ఉన్నవాళ్లకు చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా చూడాలని ఒక్కరూ చెప్పలేదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 9.4, బీపీ కూడా ఉంది.

కంట్లో ఇంజెక్షన్లు, మొదట నెలకొకటి అన్నారు. లేజర్ సంగతి తర్వాత చూద్దామన్నారు. కంట్లో సూది అనగానే అమ్మ ‘ఉన్న చూపుతోనే సర్దుకుంటా’ అని మొండికేసింది.

వేయించుకున్నవాళ్లు చెప్పండి: నొప్పి ఎంత? చూపు కొంతైనా తిరిగొచ్చిందా? ఖర్చు మాకు భారమే. మెహదీపట్నం సరోజినీ దేవి ఆసుపత్రిలో గానీ, బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్‌లో గానీ ఈ మధ్య చూపించుకున్నారా? ఎన్నింటికి వెళ్తే తొందరగా తెములుతుంది?

ఇంకోటి. షుగర్ ఒక్కసారిగా బాగా తగ్గించినా కొన్నాళ్లు రెటీనా జబ్బు ముదరొచ్చని, మెల్లగా దించుదామని డాక్టర్ అన్నారు. అమ్మేమో ఆ మాట వినగానే అన్నం పూర్తిగా మానేసి జొన్నరొట్టెలకు దిగింది! మీ ఇంట్లో తిండి ఎలా మార్చారు?