ఆడని సినిమాను సమీక్షకుడు వెనకేసుకురావడం సబబేనా?

నేల టికెట్:
2014 సంక్రాంతికి, జనవరి 10న వచ్చిన '1: నేనొక్కడినే' ప్రస్తావన వచ్చినప్పుడల్లా కొందరు సమీక్షకులు ఒకటే మాట అంటారు: అది కాలం కంటే ముందొచ్చిన సినిమా, మన జనానికి అర్థం కాలేదు. వసూళ్లు రానంత మాత్రాన సినిమా చెడ్డదని నేను అనడం లేదు. పెట్టిన డబ్బు తిరిగి రాని మంచి సినిమాలు మనకు కొత్తవీ కావు. అయితే టికెట్టు కొని మూడు గంటలు కూర్చున్నవాడి తెలివిని తక్కువ చేస్తే తప్ప సినిమాను సమర్థించలేని సమీక్షకుడు, ఇంతకీ ఆ సినిమా గురించి ఏం చెప్పినట్టు?

బాల్కనీ:
'అర్థం కాలేదు' అనడం బలమైన వాదన కాదని ఒప్పుకుంటాను. కానీ ఒక్క సన్నివేశం గుర్తు చేసుకోండి. తానొక మనిషిని చంపానని కథానాయకుడు గౌతమ్ పోలీసులకు లొంగిపోతాడు. ఆ కొట్లాటను మనమూ కళ్లారా చూశాం. తరువాత విలేకరి సమీర చూపించే దృశ్యాల్లో అతడు ఎవరూ లేని చోట గాలిలో చేతులు విసురుతుంటాడు. కథానాయకుడి భ్రమను మాటల్లో చెప్పకుండా, ముందు మనల్నే అందులోకి దింపి ఆపైన బయటికి లాగడం ఒక అగ్ర కథానాయకుడి పండుగ సినిమాలో ఎంత సాహసమో చెప్పవలసినవాడు సమీక్షకుడు కాక మరెవరు? శుక్రవారం మొదటి ఆట వదిలేసరికే టాక్ ఖాయమైపోయి, రెండు రోజులు తిరగకుండానే మరో సినిమా 'ఎవడు' హాళ్లలోకి దిగిన ఆ వారంలో, నిదానంగా చెప్పే మనిషి ఒకడైనా ఉండాలి.

నేల టికెట్:
బాల్కనీ గారూ, సన్నివేశం మంచిదే, కాదనను. కానీ విడుదలైన కొద్ది రోజులకే సుమారు 20 నిమిషాలు కత్తిరించినది ఆ సినిమా తీసినవారే. ప్రేక్షకుడి విసుగును వారు లెక్కలోకి తీసుకున్నారు, సమీక్షకుడు మాత్రం తీసుకోలేదు. పైగా ఈ జనమే కదా, 1980 ఫిబ్రవరిలో మొదట పలచగా ఉన్న హాళ్లలో 'శంకరాభరణం' చూసి, ఒకరికొకరు చెప్పుకుని దాన్ని నిలబెట్టింది! 2010లో దెబ్బతిన్న 'ఖలేజా'ను టీవీలో పదే పదే చూసి తమది చేసుకున్నదీ ఈ జనమే. 2025 మే 30న మళ్లీ విడుదలైతే హాళ్లకు వెళ్లి డైలాగులు ముందే అప్పజెప్పారు. ఈ రెంటిలో సమీక్షకుడు గెలిపించినది ఏది?

గేటు దగ్గర మనిషి:
ఆ సంక్రాంతికి నేను ఒక చిన్న ఊరి హాలులో టికెట్లు చించేవాణ్ణి. ఇంటర్వెల్‌లో క్యాంటీను దగ్గర ఒక పెద్దాయన, "ఇందాక చచ్చినవాడు చచ్చినట్టా, చావనట్టా?" అని నన్నడిగాడు. ఆయన టీ చల్లారేలోగా నలుగురు పోగై వాదించుకున్నారు. ఆ వాదనలో విసుగు లేదు, ఉత్సాహమే ఉంది. రెండో సగం సాగుతుండగా వారిలో ఇద్దరు పిల్లలను భుజాన వేసుకుని బయటికి వచ్చేశారు. అర్థం కాక వెళ్లారని నేను అనుకోను. రెండో ఆట కాబట్టి అప్పటికే ఒంటిగంట దాటింది.

బాల్కనీ:
ఆ టీ దగ్గర జరిగిన వాదన నాకు తెలిసి ఉంటే, అప్పట్లో 'ఓపిక లేని ప్రేక్షకుడు' అని ఇక్కడే రాసిన మాట రాసి ఉండేవాణ్ణి కాదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. సన్నివేశం మీద నా మాట మాత్రం మారదు. నేల టికెట్ గారూ, ఒక సందేహం: నేను చూసినది మొదటి రోజు ఉదయం ఆట. మీరు చూసినది కత్తిరించక ముందుదా, తరువాతదా? ఇంతసేపూ మనం వాదించుకున్నది ఒకే సినిమా గురించేనా?