రెండు అసమీకరణాల గ్రాఫులో షేడింగ్ తప్పుతోంది

దిల్‌సుఖ్‌నగర్_ట్యూషన్: 3ఎక్స్ − 2వై > 6, ఎక్స్ + వై ≤ 7. మొదటిదాన్ని వై > 1.5ఎక్స్ − 3 గా మార్చి గీత పైభాగం షేడ్ చేశాను. (0, 0) అందులోకే వచ్చింది, కానీ అసలు లెక్కలో 0 > 6 అవుతోంది. ఎక్కడ తప్పిందండీ?

గ్రాఫుపేపర్: −2తో భాగించినప్పుడు గుర్తు తిరగబడాలండీ: వై < 1.5ఎక్స్ − 3. అసలు వైని వేరు చేయకండి, ఈ గొడవే ఉండదు. (2, 0), (0, −3) కలుపుతూ చుక్కల గీత. సమానం లేదు కదా. (7, 0), (0, 7) కలుపుతూ నిండు గీత. (0, 0) మొదటిదానికి నప్పదు, కాబట్టి అవతలి వైపు. రెండోదానికి నప్పుతుంది, ఇవతలి వైపు. రెండు షేడ్లూ కలిసిన చోటే జవాబు. (4, 1) వేసి చూడండి: 10 > 6, 5 ≤ 7.

చిక్కడపల్లి_లెక్కలు: గీతలు కలిసే (4, 3) జవాబులో లేదు, అక్కడ 6 > 6 కాదు. ఖాళీ సున్న చుట్టండి. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. వై ≤ 2ఎక్స్ లాంటి గీత మూలబిందువు (0, 0) గుండానే పోతుంది, దానికి (1, 0)తో పరీక్షించాలి. ఎక్స్ చాయ్‌లు, వై ఉస్మానియా బిస్కెట్లు అనే లెక్కైతే రెండూ ≥ 0 రాయాలి, పూర్ణాంక బిందువులే తీసుకోవాలి. అర బిస్కెట్ ఎవడూ అమ్మడు.

దిల్‌సుఖ్‌నగర్_ట్యూషన్: గుర్తు దగ్గరే దొరికిపోయాను. థాంక్సండీ.