దుబాయ్ నుంచి ఇంటికి వీడియో కాల్: వీపీఎన్ లేకుండా దారేమిటి?

మాది కావలి దగ్గర పల్లెటూరు. తమ్ముడు ఈ మధ్యే ఏసీ మెకానిక్ పని మీద దుబాయ్ వెళ్లాడు. వాట్సాప్‌లో మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు బాగానే వస్తున్నాయి, కాల్ మాత్రం కలవదు. పొద్దుగూకేసరికి అమ్మ ఫోన్‌ను నీళ్ల బిందెకు ఆనించి కూర్చుంటుంది. తెర మీద 'కనెక్ట్ అవుతోంది' అని రావడమే గానీ వాడి ముఖం కనపడదు.

నేను చదివినంతలో, అక్కడ ఇంటర్నెట్ కాల్స్ లైసెన్సున్న టెలికాం కంపెనీల ద్వారానే నడవాలి. బోటిమ్ లాంటి అనుమతి పొందిన యాప్‌లు పనిచేస్తాయి. పక్కనున్న సౌదీ 2017లోనే చాలా యాప్‌ల మీద నిషేధం ఎత్తేసింది. మన దేశంలోనైతే విదేశాలకు ఇంటర్నెట్ కాల్స్ 2002 నుంచే చేసుకోవచ్చు. అందుకే ఇంట్లో ఎవరికీ ఈ గొడవ ఒక పట్టాన అర్థం కావడం లేదు.

రూమ్‌లోవాళ్లు వీపీఎన్ (ఫోన్ ఎక్కడుందో దాచి, అక్కడ ఆపేసిన యాప్‌లను నడిపించే యాప్) వేసుకోమంటున్నారట, అందరూ వాడేదే కదా అని. నా టెన్షన్ అదే. అక్కడి 2021 సైబర్ చట్టం ప్రకారం నేరం చేయడానికి వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలు. వాడి వీసాకు తెచ్చిన అప్పే ఇంకా తీరలేదు!

అక్కడున్నవాళ్లు కాస్త చెప్పండి. బోటిమ్‌కు రూమ్ వైఫై సరిపోతుందా, కాలింగ్ ప్యాకేజీ విడిగా కొనాలా? జూమ్, టీమ్స్ ఆఫీసు పనులకు నడుస్తాయి కదా, ఇంటి మాటలకు వాడితే ఇబ్బందేమైనా ఉందా? అమ్మది పాత ఫోన్, మెమరీ తక్కువ. వీటిలో ఏది తేలిగ్గా పనిచేస్తుంది?