పేరు వదులుకుని ఆలిస్ మిలియా గెలిచారా, మోసపోయారా?

గట్టుమీద రాజు:
1922లో ఆడవాళ్ల క్రీడల కోసం పోరాడిన ఫ్రాన్స్ ఆవిడ ఆలిస్ మిలియా పారిస్‌లో 'మహిళల ఒలింపిక్స్' జరిపించారు. ఒక్కరోజు పోటీలు, ఐదు దేశాలు, 20 వేల మంది దాకా జనం. 'ఒలింపిక్స్' అనే మాట తమదేనని ఒలింపిక్ కమిటీ గొడవకు దిగింది. 1926కల్లా ఆ పేరు తీసేసి 'మహిళల ప్రపంచ క్రీడలు' అన్నారు. బదులుగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు అథ్లెటిక్స్ పెట్టారు. పది ఈవెంట్లు వస్తాయనుకుంటే ఐదే దక్కాయి. నా లెక్కలో ఇది నష్టపు బేరం. మీరేమంటారు?

వైజాగ్ శ్రీలత:
నష్టమేంటండీ? ఆడవాళ్ల ఒలింపిక్స్ చూడ్డానికి బాగుండవని 1912లో ఆధునిక ఒలింపిక్స్ మొదలుపెట్టిన కూబెర్తాన్ స్వయంగా రాశాడు. అలాంటి చోట ఐదు పెట్టించడం చిన్న పనా? అక్కడే అమెరికా అమ్మాయి బెట్టీ రాబిన్సన్ 16 ఏళ్లకే 100 మీటర్ల స్వర్ణం కొట్టింది. ఐదే ఇచ్చారని అలిగి బ్రిటన్ అమ్మాయిలు రాలేదు. 1932లో వాళ్లూ దిగారుగా!

గట్టుమీద రాజు:
1932లో ఎన్ని ఈవెంట్లున్నాయో కూడా చెప్పండి మరి. ఆరు!

పాత స్కోరుబోర్డు:
అసలు సంగతి 800 మీటర్లండీ. 1928లో జర్మనీ అమ్మాయి లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. జపాన్ నుంచి వచ్చిన కినుయె హితోమి రెండో స్థానం. పేపర్లేమో అమ్మాయిలు కుప్పకూలిపోయారని గోల చేశాయి. రేసు అయ్యాక మగవాళ్లు నేలమీద పడుకుంటే పట్టుదల అంటారు, వీళ్లు పడుకుంటే బలహీనత! ఆ వంకతో తీసేసిన 800 మళ్లీ 1960 రోమ్‌లోనే వచ్చింది. అదే 800 మీటర్లు మిలియా సొంత క్రీడల్లో, 1930 ప్రాగ్‌లోనూ 1934 లండన్‌లోనూ, ఎంచక్కా నడిచింది. ఏది పెట్టాలో తీసెయ్యాలో మన చేతిలో ఉంటే ఎలా ఉంటుందో చూడండి.

వైజాగ్ శ్రీలత:
ఒప్పుకుంటా. కానీ ఆ సొంత క్రీడలు 1934తో ఆగిపోయాయి కదా. ఒలింపిక్స్‌కున్న పేరు వేరు. మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరినే తీసుకోండి. 1994, 95ల్లో వరల్డ్ ఛాంపియన్. అప్పుడు మా వీధిలో ఎవరికీ తెలీదు. 2000 సిడ్నీ కాంస్యంతో ఇంటింటికీ తెలిసింది.

గట్టుమీద రాజు:
సిడ్నీకి ముందే ఆవిడకు ఖేల్‌రత్న వచ్చింది, మీ వీధికి తెలీకపోతే ఆవిడేం చేస్తుంది? నేననేదీ అదే. వరుసగా రెండేళ్లు ప్రపంచాన్ని గెలిచిన మనిషికి 1996 అట్లాంటాలో పోటీయే లేదు. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే సిడ్నీలో. మంచి ఫామ్‌లో ఉన్న ఏళ్లు వాళ్ల పిలుపు కోసం ఎదురుచూడ్డంతోనే పోయాయి.

పాత స్కోరుబోర్డు:
శ్రీలత గారూ, ఒక్కటి చెప్పండి. 1926లో మిలియా పేరు వదలకపోతే ఆ ఐదైనా వచ్చేవా?

వైజాగ్ శ్రీలత:
వచ్చేవి కావు. అందుకే కదా ఆ బేరం సరైందే అంటున్నాను! తప్పల్లా ఆ తర్వాత మాట నిలబెట్టుకోనివాళ్లది.