లిథియం వాడుతున్న అమ్మకు బీపీ మాత్ర మారాక చేతుల వణుకు

ప్రొద్దుటూరులో ఉంటున్న మా అమ్మగారికి 68 ఏళ్లు. బైపోలార్ వ్యాధికి చాలాకాలంగా రోజుకు 900 మిల్లీగ్రాముల లిథియం వాడుతూ నిలకడగా ఉన్నారు. గత నెల బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) కలిసిన మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి కాఫీ గ్లాసు తొణికేంతగా చేతులు వణుకుతున్నాయి, నడుస్తూ తూలుతున్నారు. రాత్రి మోతాదు వేసుకున్న 12 గంటలకు చేయించిన రక్తపరీక్షలో లిథియం లీటరుకు 1.1 మిల్లీమోల్ వచ్చింది, ల్యాబు పరిమితి 1.2 కనుక ఇదంతా వయసు ప్రభావమేనని బీపీ డాక్టరుగారు అన్నారు. ఈ రకం బీపీ మాత్ర వల్ల రక్తంలో లిథియం పెరుగుతుందనీ, పెద్ద వయసువారికి సాధారణంగా 0.8 లోపే ఉంచుతారనీ చదివాను కాబట్టి ఆ మాట నాకు మింగుడుపడలేదు. పైగా మా కడప జిల్లా ఎండలు తెలిసినవే, ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినా లిథియం పెరుగుతుంది. నీళ్లు, మజ్జిగ సరిపడా ఇస్తున్నా, ఉప్పు తగ్గకుండా చూస్తున్నా మార్పు లేదు. మాత్రలేవీ సొంతంగా ఆపలేదు. మానసిక వైద్యుల అపాయింట్‌మెంటు వచ్చే వారానికి దొరికింది. అంతవరకు ఆగవచ్చా, లేక ఇప్పుడే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలా?