వాల్తేరు రైల్వే యార్డు పాత షెడ్లు, గోడౌన్లు: కూల్చేలోపు వాటి విలువ ఎలా తేల్చాలి?

అందరికీ నమస్కారమండీ, మాది వైజాగ్. యార్డు వైపు ఉన్న పాత ఇటుక షెడ్లు, ఒక గోడౌను తీసేసి ఆ స్థలం రీడెవలప్ చేస్తారని ఇక్కడ అంతా అనుకుంటున్నారు. నాకు తెలిసినంతలో ఈ లైను 1893-96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే కింద వేశారు, 1902లో వాల్తేరు దాకా ఉన్న ఉత్తరం ముక్క బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికెళ్ళింది, తర్వాత 1931లో రాయపూర్ లైను, 1933లో హార్బరు వచ్చాయి, మరి ఈ బిల్డింగులు వీటిలో ఏ టైమువో ఎలా చెప్పాలి? ఇటుకల మీద ముద్రలు, ఇనుప దూలాల మీద కంపెనీ పేర్లు, సున్నమా సిమెంటా అన్నది చూస్తే చాలా, ఇంకేమైనా చూడాలా?

పాత డ్రాయింగులు కలకత్తా గార్డెన్‌రీచ్‌లో (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే హెడ్డాఫీసు ఉన్న చోటు) మామూలు జనానికి చూపిస్తారా? ఎవరైనా అడిగి తెచ్చుకున్నారా? పాత కట్టడాల్ని కాపాడే పని చేసే సంస్థ ఇన్‌టాక్ వాళ్ళకి రాయాలనుకుంటున్నా, ఏమేం జత చేయాలో కూడా చెప్పండి. అందంగా లేవని వదిలేస్తారేమోనని నా భయం, మాంగనీసు ఎగుమతి దగ్గర్నుంచి ఈ ఊరు పెరిగింది ఈ యార్డు వల్లే కదండీ. అక్కడ పనిచేసిన రిటైరైన పెద్దలెవరైనా ఉంటే దయచేసి ఏ షెడ్డులో ఏం పని జరిగేదో రాయండి, పాత ఫోటోలుంటే ఇంకా మేలు.